కలం కదలనప్పుడు: చెన్నైలో తెలుగు రాసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కథ, వ్యాసం, అనువాదం, సిద్ధాంత గ్రంథం, షార్ట్ ఫిల్మ్ స్క్రిప్టు, ఏది రాయబోయినా చెయ్యి ఆగిపోతున్నవాళ్ల కోసం ఈ పేజీ. ఈ ఇబ్బందినే రైటర్స్ బ్లాక్ అంటారు. చెన్నైలో ఉంటూ తెలుగులో రాసేవాళ్లకు ఈ ఇబ్బంది కాస్త వేరే రూపంలో ఎదురవుతుంది. అందుకే భాష గురించిన ప్రశ్నకు ఎక్కువ చోటిచ్చాం. వరసగా చదవాల్సిన పని లేదు. మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికి వెళ్లండి.

ఇది నిజంగా రైటర్స్ బ్లాకా, లేక ఉత్త బద్ధకమా?

బద్ధకమైతే దాని గురించి బెంగ ఉండదు. ఆదివారం మధ్యాహ్నం హాయిగా పడుకుని లేస్తారు. రాయలేకపోతున్నవాళ్ల సంగతి అలా ఉండదు. కూరగాయలు తరుగుతున్నా, సిగ్నల్ దగ్గర బండి ఆపుకున్నా ఆ రాయని కథే బుర్రలో తిరుగుతుంటుంది. కాగితం ముందు కూర్చోగానే అది కాస్తా మాయమవుతుంది.

తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఫోన్‌లో 10 నిమిషాలకు టైమర్ పెట్టి, ఎవరికీ చూపించనక్కర్లేని విషయం ఒకటి రాయండి. పొద్దున ఆవిన్ పాల ప్యాకెట్ తెచ్చుకున్నప్పటినుంచి బయటికి అడుగుపెట్టేదాకా ఇంట్లో ఏమేం జరిగిందో రాసినా చాలు. అరపేజీ వచ్చిందంటే మీ చెయ్యీ, భాషా బాగానే ఉన్నాయి. చిక్కంతా మీరు రాయదలచిన ఆ ఒక్క రచన దగ్గరే ఉంది. అదీ రాలేదంటే ముందు నిద్ర, అలసట చూసుకోండి. వారం రోజులుగా రాత్రికి నాలుగైదు గంటలే పడుకుంటున్న మనిషి మీద రచనా చిట్కాలేవీ పనిచేయవు.

‘రైటర్స్ బ్లాక్’ అనే మాటను వాడుకలోకి తెచ్చింది ఎడ్మండ్ బెర్గ్లర్ అనే మనోవిశ్లేషకుడు, 1940లలో. ఆయన దీని మూలాన్ని పసితనంలో వెతికారు. పేరు నిలిచింది కానీ ఆ వివరణ అంతగా నిలవలేదు. రాసేవాళ్లకు అంతకంటే పనికొచ్చే సంగతిని మైక్ రోజ్ అనే పరిశోధకుడు 1980లో ప్రచురించారు. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పదిమంది విద్యార్థులను ఆయన పరిశీలించారు. వాళ్లలో ఐదుగురు రాయలేక ఆగిపోయేవాళ్లు, ఐదుగురు సాఫీగా రాసుకుపోయేవాళ్లు. ఆగిపోయేవాళ్ల దగ్గర సడలించని నియమాలు కనిపించాయి. ఒక అమ్మాయికైతే ప్రతి వాక్యమూ మొదటిసారే వ్యాకరణం ప్రకారం తప్పులేకుండా రావాలి, వచ్చేదాకా ముందుకు కదలదు. రెండోవాళ్లకూ నియమాలు ఉన్నాయి కానీ, పనికిరానప్పుడు వాటిని పక్కన పెట్టేసేవాళ్లు. మీరు ఆగిపోయినప్పుడు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న ఇదే: ఇక్కడ నేను ఏ నియమానికి కట్టుబడి కూర్చున్నాను? అలాంటి నియమం వెనక తరచుగా ఏదో ఒక భయం ఉంటుంది.

భయం అంటారేమిటి? నాకు భయమేం లేదు, ఆలోచనలు రావడం లేదంతే.

భయం ఎప్పుడూ భయంలా కనిపించదు. రాయడానికి కూర్చోగానే బల్ల సర్దాలనిపిస్తుంది. కొత్త పెన్ను కొనాలనిపిస్తుంది. ఇంకో రెండు పుస్తకాలు చదివితేగాని ఈ విషయం మీద రాసే అర్హత రాదనిపిస్తుంది. వీటిలో మూడోది మరీ గడుసుది, ఎందుకంటే అది పనిలాగే ఉంటుంది.

లోపల ఏముందో పైకి తీయడానికి ఒక లాంగ్ నోట్‌బుక్ పేజీని నిలువుగా రెండు భాగాలు చేయండి. ఎడమవైపు మీ రచనలో ఒక వాక్యం రాయండి. ఆ వాక్యం చూడగానే మనసు ఏమంటే అది కుడివైపు రాయండి. ‘ఇదెవరికి కావాలి’, ‘మేనత్త చదివితే నా పని అయిపోయినట్టే’, ‘ఒత్తు తప్పేమో’ లాంటివి ఎంత చిన్నవైనా వదలొద్దు. మళ్లీ ఎడమకు వెళ్లి తర్వాతి వాక్యం, మళ్లీ కుడి. ఇలా 15 నిమిషాలు చేయండి. ఆ తర్వాత కుడివైపు మాటలు మాత్రమే చదివి, ప్రతి మాట పక్కనా అది ఎవరి గొంతులా వినిపిస్తోందో రాయండి. ఎనిమిదో తరగతి మాస్టారిదా, నాన్నదా, మీరు గౌరవించే రచయితదా, ఫేస్‌బుక్‌లో అందరి తప్పులూ పట్టే పెద్దమనిషిదా?

సాధారణంగా ఆ మాటలు నాలుగు గుంపులుగా విడిపోతాయి. నా తెలుగు తప్పు అనేది ఒకటి. ఇంట్లోవాళ్లు గుర్తుపడతారు అనేది రెండోది. ఇంతకుముందు రాసినదంత బాగా రాదు అనేది మూడోది. అసలు రాయడానికి నేనెవరిని అనేది నాలుగోది. ఏ గుంపులో ఎక్కువ మాటలు పడ్డాయో చూసుకోండి, దేని మందు దానిదే. నాలుగోదానికి విడిగా మందు లేదు. మిగతా మూడింటి పని పడితే అది చాలావరకు దానంతటదే తగ్గుతుంది.

చదువంతా తమిళంలోనూ ఇంగ్లిషులోనూ సాగింది. ఇంట్లో తెలుగే మాట్లాడతాం కానీ రాస్తే అన్నీ తప్పులే. నేను రాయొచ్చా?

రాయొచ్చు. చెన్నైలో మమ్మల్ని అందరికంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, అందుకే తాపీగా జవాబు చెబుతాం.

ముందు తప్పులు ఎక్కడ పడతాయో, ఎందుకు పడతాయో తెలుసుకోండి. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. త, థ, ద, ధ లకూ, ప, ఫ, బ, భ లకూ అంతే. తమిళంలో అక్షరాలు దిద్దుకున్న చేతికి ఒత్తక్షరాల దగ్గర తడబాటు రావడం సహజం. ‘బాధ’ కాస్తా ‘భాద’ అవుతుంది, ‘కథ’ కాస్తా ‘కధ’ అవుతుంది. ‘అర్థం’ అంటే భావం, ‘అర్ధం’ అంటే సగం. ఈ రెండూ తారుమారవుతాయి. శ, ష, స ల దగ్గర ఇంకో తడబాటు. ‘విశేషం’లో మొదటిది శ, రెండోది ష. అయితే ల, ళ ల తేడా మీకు బాగానే పట్టుబడి ఉంటుంది, ఎందుకంటే తమిళం దాన్ని గట్టిగా పాటిస్తుంది. ‘కళ’కూ ‘కల’కూ తేడా తెలియనివాళ్లు హైదరాబాదులోనూ ఉన్నారు. మీకున్న బలాన్ని కూడా లెక్కలో వేసుకోండి.

అంటే మీ తప్పులు లెక్కలేనన్ని ఉండవు. ముప్పై, నలభై మాటలే మళ్లీ మళ్లీ తప్పు పడుతుంటాయి. చేయాల్సింది ఇది. చిత్తు రాస్తున్నప్పుడు అనుమానం వచ్చిన మాట కింద గీత గీసి ముందుకు పోండి, అప్పుడే నిఘంటువు తెరవొద్దు. రాయడం పూర్తయిన మర్నాడు గీత పడిన మాటలన్నీ ఒక్కసారిగా ఆంధ్రభారతి వెబ్‌సైట్ నిఘంటువులో చూసుకోండి. సరైన రూపాలను నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకోండి. అదే మాట మూడోసారి ఆ పేజీకి వచ్చిందంటే దాన్ని పదిసార్లు చేత్తో రాయండి. కొన్ని నెలల్లో గీతలు తగ్గడం మీకే కనిపిస్తుంది. రాస్తూ రాస్తూ మధ్యలో నిఘంటువు తెరిస్తే ఏమవుతుందంటే, మాట దొరుకుతుంది కానీ వాక్యం జారిపోతుంది. పది నిమిషాల్లో మూడుసార్లు అలా జరిగితే ఆ పూటకు రచన ముగిసినట్టే.

రెండో భయం తమిళ మాటల గురించి. ‘రొంబ’ (చాలా), ‘సీక్రం’ (త్వరగా), ‘మాడి మీద’ (మేడ మీద) అని ఇంట్లో అనుకుంటూ, కాగితం మీదికి వచ్చేసరికి పాఠ్యపుస్తకపు తెలుగు కోసం వెతుక్కుంటారు. ఆ వెతుకులాటలోనే కలం ఆగుతుంది. పాత్రలు మాట్లాడుకునే చోట మీ ఇంటి తెలుగును ఉన్నదున్నట్టు రాయండి. పెరంబూరులో పుట్టి పెరిగిన పాత్ర విజయవాడ తెలుగు మాట్లాడితేనే అది తప్పు. కథనంలో ఎంత వాడాలన్నది రెండో చిత్తులో నిర్ణయించుకోండి. నెల్లూరు పాఠకుడికి పక్కనున్న మాటలను బట్టి అర్థమయ్యే తమిళ మాటను ఉంచేయండి, అర్థం కాని చోట తెలుగు మాట పెట్టండి. అంతకుమించి నియమం అక్కర్లేదు.

‘మంచి తెలుగు’ అంటే ఏమిటన్న తగువు ఈ ఊళ్లోనే పెద్ద ఎత్తున జరిగింది. స్కూళ్లలో, కాలేజీల్లో పిల్లలు గ్రాంథికంలోనే వ్యాసాలు రాయాలా, శిష్టులు మాట్లాడే భాషలో రాయొచ్చా అన్న వాదం మద్రాసు విశ్వవిద్యాలయం ముందుకు వచ్చినప్పుడు, తెలుగు కాంపోజిషన్ ఉపసంఘంలో ఉన్న గురజాడ అప్పారావు తన అసమ్మతిని 1914లో పెద్ద పత్రంగా రాసి ఇచ్చారు. గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. నోటితో మాట్లాడే తెలుగుకు కాగితం మీద చోటుందని వాళ్లు గెలిచి పెట్టాక, మాట్లాడే తెలుగు ఉండి కూడా రాయడానికి జంకడం మాకు బాధగా ఉంటుంది.

తెలుగు లిపి సరిగ్గా రాదు. అయినా మొదలుపెట్టొచ్చా?

మొదలుపెట్టండి. చిత్తు ఏ లిపిలో ఉన్నా ఫర్వాలేదు. ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు టైపు చేస్తే తెలుగు లిపిలోకి మార్చే లేఖిని అనే వెబ్‌సైట్ ఉంది. ఫోన్‌లో జీబోర్డ్ తెలుగు కీబోర్డూ ఆ పని చేస్తుంది. నోటితో చెప్పి టైపు చేయించుకోవచ్చు కూడా. కాకపోతే మాట గుర్తింపు సాధనాలు తరచు చుక్కలు, కామాలు వదిలేస్తాయి, పేర్లనూ తమిళ మాటలనూ చిత్రంగా మార్చేస్తాయి. అందుకని రెండు మూడు నిమిషాలకు ఒకసారి ఆపి పేరాలు విడగొట్టుకోండి. అరగంట ఏకబిగిన చెప్పేసి ఆ ముద్దను తర్వాత విడదీద్దామనుకుంటే, మీరేమన్నారో మీకే గుర్తుండదు. లిపిని పక్కన నేర్చుకుంటూనే ఉండండి, అది వేరే పని.

ఇంట్లోవాళ్ల గురించి రాస్తున్నాను. చదివితే గుర్తుపడతారని చెయ్యి ఆడటం లేదు.

చిత్తు రాయడం వేరు, అచ్చు వేయించడం వేరు. భయపడాల్సింది రెండోదాని దగ్గర. దాన్ని తెచ్చి మొదటిదాని మీద పెట్టుకోవడం వల్ల చెయ్యి ఆగుతోంది. మొదటి చిత్తు ఉన్నదున్నట్టు రాసి, తాళం ఉన్న చోట పెట్టండి. ఫోన్‌లో అయితే పాస్‌వర్డ్ పెట్టిన ఫోల్డర్‌లో ఉంచండి. ‘ఇది ఎవరూ చూడరు’ అని మనసుకు చెబితే నమ్మదు. తాళం వేస్తే నమ్ముతుంది.

రెండో చిత్తులో మనిషిని పోల్చుకునే గుర్తులు మార్చండి. పేరొక్కటే మారిస్తే చాలదు. చుట్టాలు పేరుతో పోల్చుకోరు, ఉద్యోగం, ఊరు, పిల్లల సంఖ్య, ఊతపదం, వీటితో పోల్చుకుంటారు. వీటిలో కనీసం మూడు మార్చండి. ఐసీఎఫ్ రైలు పెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసే పెదనాన్న, ఆవడిలో కిరాణా కొట్టు నడిపే మేనమామ అవ్వొచ్చు. జరిగిన సంఘటన, దాని వెనకున్న నొప్పి అలాగే ఉంచండి, కథకు కావాల్సినవి అవే. బతికున్న మనిషి మీద ఆరోపణలా చదివించే రచన అయితే అచ్చుకు ముందు లాయరును అడగడం మంచిది.

రాస్తున్నది కథలా కాక గాయంలా ఉంటే పద్ధతి వేరు. జేమ్స్ పెన్నబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980లలో మొదలుపెట్టిన ప్రయోగాల్లో, మనసును కలచివేసిన విషయం గురించి రోజుకు 15 నిమిషాల చొప్పున వరసగా నాలుగు రోజులు రాయించారు. ఎవరికీ చూపించనక్కర్లేదు, అక్షర దోషాలు పట్టించుకోనక్కర్లేదు. రాసిన వెంటనే మనసు బరువెక్కడం మామూలే, అందుకే పడుకునే ముందు ఇది చేయకండి. రాస్తుంటే తట్టుకోలేనంత కలవరం వస్తే అక్కడితో ఆపేసి వేరే విషయానికి మారండి.

మొదటి కథ అచ్చయింది, అందరూ మెచ్చుకున్నారు. ఏడాదైంది, రెండోది రావడం లేదు.

మీరు అచ్చయిన కథనూ ఇంకా రాయని చిత్తునూ పక్కపక్కన పెట్టి పోల్చుకుంటున్నారు. చిత్తును చిత్తుతోనే పోల్చాలి. మొదటి కథ తాలూకు మొట్టమొదటి ప్రతి దొరికితే తీసి, అచ్చు ప్రతి పక్కన పెట్టి, మారిన వాక్యాల కింద గీతలు గీయండి. పేజీలో సగానికి పైగా గీతలు పడితే ఆశ్చర్యపోకండి. ఆ తర్వాత రెండో కథగా మీ పెద్ద ఆలోచనను ఎత్తుకోకుండా, మూడు వందల మాటల్లో ముగిసే చిన్న విషయం రాయండి. వీలైతే వేరే ప్రక్రియలో రాయండి, పోలిక పెట్టుకోవడానికి ఏమీ మిగలదు.

రోజుకు ఎంతసేపు రాయాలి? ఎన్ని పేజీలు?

మొదటి రెండు వారాలు పేజీల లెక్క వద్దు, గడియారం లెక్క చాలు. వారానికి ఐదు రోజులు, రోజుకు 20 నిమిషాలు. మరీ బిగుసుకుపోయినవాళ్లు 10తో మొదలుపెట్టొచ్చు. మూడో వారం నుంచి 25 నిమిషాలు. ఫ్రాన్సెస్కో చిరిల్లో టమాటా ఆకారపు వంటింటి టైమర్‌తో మొదలుపెట్టిన పొమొడోరో పద్ధతిలో ఒక విడతా అంతే. నెల తర్వాత కావాలంటే రోజుకు 200 మాటలు అని లక్ష్యం పెట్టుకోండి, చేతిరాతలో అది ఒకటిన్నర పేజీ లోపే.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు తక్కువ రాయడం కాదు, ఎక్కువ రాయడం. నాలుగో రోజు హుషారు వస్తుంది, రెండు గంటలు కూర్చుంటారు. ఐదో రోజు మళ్లీ రెండు గంటలు దొరకవు కాబట్టి అసలు కూర్చోరు. ఆరో రోజుకు తప్పు చేసిన భావం, ఏడో రోజుకు మళ్లీ మొదటికి. అందుకే పై హద్దు కూడా పెట్టుకోండి. మొదటి నెల 40 నిమిషాలు దాటకుండా లేచిపోవాలి. వాక్యం మధ్యలో టైమర్ మోగితే ఇంకా మంచిది. సగం వాక్యం అలాగే వదిలి, దాని కింద రేపు రాబోయే విషయం ఒక ముక్కలో రాసి లేవండి. రేపు కూర్చోగానే చేయాల్సిన మొదటి పని వాక్యం పూర్తి చేయడం అవుతుంది, ఖాళీ పేజీ ఎదురవదు.

ఒకరోజు తప్పితే మర్నాడు రెండింతలు రాయొద్దు. మామూలు 20 నిమిషాలే.

వేళ సంగతికొస్తే, మెట్రో వాటర్ లారీ వచ్చే వేళ, పిల్లల స్కూల్ వ్యాన్ వేళ తీసేసి మిగిలినదాంట్లో చూసుకోండి. తాంబరం నుంచి బీచ్ స్టేషన్‌కు లోకల్ రైల్లో దాదాపు గంట ప్రయాణం. సీటు దొరికే వేళకు ఎక్కేవాళ్లకు అందులో 20 నిమిషాలు తీయడం కష్టం కాదు. రైలు కుదుపులకు దస్తూరి పాడవుతుంది, పాడవనివ్వండి. చూడటానికి బాగాలేని కాగితం మీద తప్పులు రాయడానికి మనసు అంత జంకదు. ఈ కారణానికే ఖరీదైన తోలు అట్ట డైరీలు వద్దంటాం.

ఆపకుండా రాయడం అంటే ఎలా? ప్రయత్నించాను, పనిచేయలేదు.

పద్ధతి చిన్నదే. 10 నిమిషాలు పెన్ను కాగితం మీంచి లేవకూడదు. కొట్టివేతలు ఉండవు. పైకి చూసి చదవడం ఉండదు. ఏమీ తోచకపోతే ‘ఏం రాయాలో తోచడం లేదు’ అనే రాస్తూ పోవాలి, నాలుగైదు సార్లు రాసేసరికి మనసుకే విసుగొచ్చి ఏదో ఒకటి అందిస్తుంది. టైమర్ మోగాక ఒక్కసారి చదివి, ప్రాణమున్న వాక్యం ఒకటి కనిపిస్తే దాని చుట్టూ సున్నా చుట్టండి. మర్నాటి 10 నిమిషాలు ఆ వాక్యంతో మొదలవుతాయి. సున్నా చుట్టడానికి ఏమీ లేని రోజులు చాలానే ఉంటాయి, వాటినీ లెక్కలో వేసుకోండి.

పనిచేయకపోవడానికి మాకు కనిపించే కారణాలు రెండు. ఫోన్‌లో చేస్తే కీబోర్డు తప్పులు సరిదిద్దుతూ ఉంటుంది, మీ కళ్లు దాని వెంట పోతాయి. ఇది కాగితం మీదే చేయాలి. రెండోది, వారం తిరిగేసరికి రాత మొత్తం ఒకే ఫిర్యాదుగా మారుతుంది: ఆఫీసు, ట్రాఫిక్, ఎండ. అప్పుడు ఖాళీగా మొదలుపెట్టకుండా కంటికి కనిపించే ప్రశ్నతో మొదలుపెట్టండి. 2015 డిసెంబరు వరదల్లో మీ ఇంట్లో మొదట మంచం మీదికి ఎత్తిన వస్తువు ఏది? మీ వంటింటి కిటికీలోంచి పక్కింటివాళ్లది ఏం కనిపిస్తుంది? తాతయ్య ఈ ఊరు వచ్చినప్పుడు మొదట ఏ వీధిలో దిగారు, అద్దె ఎంత? ‘ప్రేమ’, ‘జీవితం’, ‘సమాజం’ లాంటి మాటలతో మొదలుపెడితే మూడో నిమిషానికి ఉపన్యాసం అవుతుంది.

మొదటి వాక్యమే రావడం లేదు.

రెండోదాన్నుంచి మొదలుపెట్టండి. పేజీలో పైన ఆరు గీతలు ఖాళీగా వదలి, మీకు అన్నిటికంటే స్పష్టంగా కనిపిస్తున్న దృశ్యం రాయండి, అది కథ చివర్లో వచ్చేదైనా సరే. మొదటి వాక్యం అన్నిటికంటే ఆఖర్న దొరకడం మామూలు విషయం.

అదీ కుదరకపోతే ఉత్తరంలా రాయండి. ‘అక్కా, ఈ కథ ఏమిటంటే’ అని మొదలుపెట్టి, మీరు రోజూ ఫోన్‌లో మాట్లాడే మనిషికి చెప్పినట్టు రెండు పేజీలు రాయండి. తర్వాత ‘అక్కా’ కొట్టేయండి. మాట్లాడేటప్పుడు మనలో ఎవరికీ రైటర్స్ బ్లాక్ ఉండదు, ఎదుటి మనిషి ఎవరో తెలుసు కాబట్టి. కాగితం ముందు కూర్చున్నప్పుడు ఆ మనిషి స్థానంలో ‘పాఠకులు’ అనే ముఖంలేని గుంపు వచ్చి కూర్చుంటుంది.

సగం దాకా బాగా వచ్చింది. అక్కడ ఆగి రెండు నెలలైంది.

మధ్యలో ఆగిపోతే భయం కంటే కథలో ముడి పడి ఉండే అవకాశమే ఎక్కువ. ఆగిన చోటే తవ్వుతూ కూర్చుంటే దొరకదు. తప్పుదారి పట్టింది సాధారణంగా రెండు మూడు పేజీల వెనక.

పాత క్యాలెండర్ కాగితాలు చింపి చీటీలు చేసుకోండి. ఒక్కో సన్నివేశానికి ఒక్కో చీటీ. దాని మీద ఒకే ఒక్క వాక్యం ఉండాలి: ఇక్కడ ఎవరికి ఏం కావాలి, అడ్డమేమిటి. చీటీలన్నీ నేల మీద పరచండి. ఎవరికీ ఏమీ అక్కర్లేని చీటీ ఒకటి కనిపిస్తుంది, పాత్రలు కాఫీ తాగుతూ పాత సంగతులు చెప్పుకుంటుంటాయి. కథ ఊపిరి ఆగింది అక్కడే. ఆ చీటీ తీసేసి ముందుదాన్నీ వెనకదాన్నీ కలిపి చూడండి. కలవకపోతే ఆ మధ్యలో జరగాల్సిందేమిటో అప్పుడు మీకే తెలుస్తుంది.

వ్యాసమైతే ఆగడానికి కారణం ఎక్కువగా ఒక తేదీయో, పేరో, లెక్కో తెలియకపోవడం. అక్కడ ఒక చుక్క గుర్తు పెట్టి ‘చూడాలి’ అని రాసి దాటిపోండి. చుక్క గుర్తులన్నీ వారానికొకసారి లైబ్రరీలో తేల్చుకోవచ్చు.

పీహెచ్‌డీ చేస్తున్నాను. గైడ్‌కు అధ్యాయం చూపించాలంటేనే వణుకు.

అరవై పేజీలు ఒకేసారి ఇవ్వాలనుకోవడం వల్ల ఆ వణుకు. రెండు పేజీలు ఇవ్వండి, ఒకే ప్రశ్న అడగండి: ‘సార్, ఈ విభజన సరిగ్గా ఉందా?’ రెండు పేజీల మీద వచ్చే విమర్శ ఒక పూటలో సర్దుకునేంతే ఉంటుంది. ఉపోద్ఘాతంతో మొదలుపెట్టకండి. మీరు పరిశీలించిన రచనల పట్టిక, పద్ధతి వివరించే భాగం ముందు రాయండి, వాటిలో అభిప్రాయం తక్కువ కాబట్టి భయమూ తక్కువే.

ఇంట్లో చోటు లేదు. చెన్నైలో ఎక్కడ కూర్చుని రాసుకోవచ్చు?

ఎగ్మోరులో మ్యూజియం ఆవరణలోని కన్నెమరా లైబ్రరీ 1896 నుంచి ఉంది. 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ప్రతీ చేరాల్సిన నాలుగు గ్రంథాలయాల్లో అదొకటి, కాబట్టి తెలుగు పుస్తకాలకూ అక్కడ చోటుంది. కోట్టూర్‌పురంలో 2010లో తెరిచిన అన్నా శతజయంతి గ్రంథాలయంలో సొంత పుస్తకాలు తెచ్చుకుని కూర్చునే విభాగం విడిగా ఉంది, రాసుకునేవాళ్లకు అదే అనువు. లైబ్రరీలో ఒక ప్రమాదం ఉంది, రాయడానికి వెళ్లి చదువుతూ కూర్చుంటాం. ముందు మీ 20 నిమిషాలు రాసి, ఆ తర్వాతే బీరువాల వైపు వెళ్లండి. ఎండ దిగాక పార్కు బెంచీ అయినా సరిపోతుంది.

మొదటి చిత్తు ఏఐతో రాయించుకుని నేను దిద్దుకుంటే?

మీ చిక్కు భయమైతే వద్దనే మా అభిప్రాయం. అది ఇచ్చేది నున్నగా, తప్పుల్లేకుండా ఉంటుంది. దాని పక్కన మీ గరుకు వాక్యం ఇంకా చిన్నబోతుంది, భయం పెరుగుతుంది. పైగా మీ ఇంటి తెలుగు అందులో ఉండదు, దిద్దుతూ దిద్దుతూ మీరే దాని తెలుగులోకి జారిపోతారు. వాడాలనుకుంటే ఇలా వాడండి: మీ కథ సంగతి నాలుగు వాక్యాల్లో చెప్పి, నన్ను పది ప్రశ్నలు అడుగు, నువ్వేమీ రాయొద్దు అనండి. జవాబులు మీ చేత్తో రాయండి. పత్రికలకు, పోటీలకు పంపేముందు వాళ్ల నిబంధనలు చూసుకోండి.

రాసింది ఎవరికి చూపించాలి?

రెండో చిత్తు అయ్యేదాకా ఎవరికీ వద్దు. అయ్యాక ఒక్కరికి. రెండు వందలమంది ఉన్న వాట్సాప్ గ్రూపులో పెడితే వచ్చేవి బొటనవేలి బొమ్మలు, లేదా మౌనం. రెండూ మీకు ఉపయోగపడవు, మౌనమైతే హాని కూడా చేస్తుంది.

ఆ ఒక్కరినీ ‘ఎలా ఉంది?’ అని అడగకండి, ‘బాగుంది’ అనక ఏమంటారు పాపం. ఎక్కడ విసుగొచ్చింది, ఎక్కడ అర్థం కాలేదు అని అడగండి. మర్నాడు ఫోన్ చేసి, కథలో ఏం గుర్తుందో చెప్పమనండి. మర్నాటికి గుర్తున్నదే మీ కథలో బలమైన చోటు.

పత్రిక నుంచి జవాబే రాలేదు. అప్పటినుంచి రాయలేకపోతున్నాను.

నోట్‌బుక్‌లో ఒక పేజీ కేటాయించి పంపిన తేదీ, రచన పేరు, పత్రిక పేరు రాయండి. పత్రిక చెప్పిన గడువు దాకా, ఏమీ చెప్పకపోతే మూడు నెలలు ఆగి, మర్యాదగా ఒక్క ఉత్తరం రాయండి. దానికీ జవాబు రాకపోతే వెనక్కి తీసుకుంటున్నట్టు తెలిపి ఇంకో పత్రికకు పంపండి. పంపిన రోజునే తర్వాతి రచనకు మొదటి 20 నిమిషాలు కూర్చోండి. ఒకే రచన బయట ఉంటే ప్రాణమంతా దాని మీదే ఉంటుంది. మూడు ఉంటే అలా ఉండదు.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి?

రాయడం ఒక్కటే ఆగితే అది రచన సంగతి. రెండు వారాలకు పైగా దాదాపు ప్రతిరోజూ దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్రా తిండీ తప్పడం ఉంటే అది రచన సంగతి కాదు, వైద్యుడికి చెప్పాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు, భాష ఎంచుకునే వీలుంది. చనిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగొద్దు, ఆ రోజే చెప్పండి.

పెన్ను పట్టుకోగానే వేళ్లు బిగుసుకుపోయి, మిగతా పనుల్లో చెయ్యి మామూలుగా ఉంటే అది నరాలకు సంబంధించిన ఇబ్బంది కావచ్చు. న్యూరాలజిస్టును కలవండి.

పనికిరాని పాత చిత్తులు పారేయొచ్చా?

పారేయకండి. ప్రతి చిత్తు పైన తేదీ వేసి ఉంచండి. ఏడాది తర్వాత ఎక్కడ చెయ్యి తిరిగిందో, ఏ తప్పు పోయిందో చెప్పేవి అవే. రెండో కథ దగ్గర ఆగిపోయినవాళ్లకు కావాల్సింది మొదటి కథ చిత్తు అని పైన చెప్పాం, అది చాలామంది దగ్గర ఉండదు. చెన్నై తేమకు కాగితం బూజు పడుతుంది, నేల మీద అట్టపెట్టెలో పెడితే చెదలు, వానాకాలంలో నీళ్లు. మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అటక మీద ఉంచండి. ఏడాదికి రెండుసార్లు తీసి నీడపట్టున గాలి తగలనివ్వండి, ఎండలో పెడితే సిరా వెలిసిపోతుంది. ఆ తీసినప్పుడే పేజీలను ఫోన్‌తో ఫోటో తీసి, ఫైలు పేరుగా చిత్తు మీదున్న తేదీనే పెట్టుకోండి.